ఒకే ఇంటి రెండు జ్వరాలు

లాల్‌దర్వాజాలో ఆండాలు దొడ్డి దగ్గర పాలు కొనడానికి ఒక పద్ధతుంది. గిన్నె పట్టుకొని వచ్చి ఎదురుగా నిలబడాలి. ఆమె ఖాళీ లోటాను బోర్లించి చూపిస్తుంది. తర్వాత బర్రె పక్కన కూర్చొని మీ కళ్ల ముందరే పిండుతుంది, నురగ దిగేదాకా ఆగి మీ గిన్నెలో కొలిచి పోస్తుంది. ఆమె అత్త కాలంలోనూ అంతే, అత్తకు అత్త కాలంలోనూ అంతే. పాలమ్మేవాళ్లను లోకం నమ్మదు మరి! బంగారం అమ్మేవాణ్ని నమ్మి ఏసీలో కూర్చుంటుంది గానీ, పాలమ్మేదాని లోటాలో తల దూర్చి నీళ్లు వెతుకుతుంది. వెతుక్కోనీ, మనకేం భయం అనేది ఆండాలు. ఆమె నోరు తెరిస్తే గల్లీ చివరి దాకా వినబడుతుంది, నిజమే. కానీ పాలు చిక్కన, మాట చిక్కన.

అలాంటి ఆండాలు కూతురి చదువు కోసం ఒక అబద్ధం కొనుక్కొచ్చింది. తీరా చూస్తే ఆ అబద్ధం కూడా ఆమె చేతిలో చెల్లలేదు.

కూతురి పేరు అమల. ఇంజనీరింగు రెండో ఏడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. కాలేజీ రింగురోడ్డు అవతల, ఊరికి అంత దూరాన. పై అంతస్తులో ఏడేళ్లుగా అద్దెకుంటున్న ఉమాపతి కొడుకు భరద్వాజ్‌ది కూడా అదే కాలేజీ, అదే క్లాసు. ఉమాపతి తణుకు వైపు మనిషి, గవర్నమెంటు ఆఫీసులో మంచి ఉద్యోగం, మెత్తని మాట. భార్య కమలకుమారి పండక్కి గారెలు వండితే కిందికి పంపేది. ఆండాలు సర్వపిండి చేస్తే పైకి పోయేది. భరద్వాజ్ అయితే మెట్ల మీదే కూర్చొని వేడివేడిగా లాగించేవాడు, "ఆండాలత్తా, ఇంకోటి" అంటూ. రెండు కుటుంబాల మధ్య చిన్న పొరపొచ్చం కూడా లేదు.

ఆ ఆషాఢంలో పాలు పిండుతుంటే బర్రె బెదిరి ఆండాలు మొగుడు లక్ష్మయ్య కాలు తొక్కేసింది. ఎముక విరిగింది, లోపల ప్లేటు వేశారు, మనిషి మంచానికి అంటుకుపోయాడు. గల్లీ వాళ్లంటే గిన్నెలు పట్టుకొని ఇంటికే వస్తారు. మరి పత్తర్‌గట్టిలో, చార్మినార్ దగ్గర చాయ్ హోటళ్లకు పాలెవరు వేస్తారు? వాళ్ల పొయ్యి వెలిగే వేళకు క్యాను చేరాలి. ఒక్కరోజు తప్పితే వాళ్లు ప్యాకెట్ పాలకు పోతారు, మళ్లీ తిరిగి రారు. ఆండాలు పిండాలి, పేడ తీయాలి, మొగుణ్ని చూసుకోవాలి. స్కూటీకి క్యాన్లు కట్టుకొని అమల బయల్దేరింది.

తెల్లవారుజామునే పోయి, ఇరుకు గల్లీల్లో ఆటోలను తప్పించుకుంటూ పాలు పోసి, ఇంటికొచ్చి ఒళ్లు కడుక్కొని బట్టలు మార్చుకునేసరికి చాంద్రాయణగుట్ట దగ్గర కాలేజీ బస్సు వెళ్లిపోయేది. రెండు సిటీ బస్సులు మారి కాలేజీ చేరితే అక్కడ గేటు మూసేసి ఉండేది. ఆ కాలేజీలో మొదటి గంట తప్పితే మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు. క్రమశిక్షణట! చదువుకుంటానని వచ్చిన పిల్లను రోడ్డు మీద నిలబెట్టడం క్రమశిక్షణ ఎలా అవుతుందో ఆ గేటుకే తెలియాలి. అమల గేటు బయట చాయ్ బండి పక్కన కూర్చొని, వాన పడితే బండి కప్పు కిందికి జరిగి, ల్యాబు రికార్డు రాసుకునేది. ఒక్కనాడు కూడా ఇంటికి తిరిగి రాలేదు. ఆ నడుమ పెట్టిన పరీక్షల్లో మార్కులు కూడా తగ్గలేదు.

భరద్వాజ్ కూడా ఆ నెలల్లో కాలేజీకి సరిగా పోలేదు. ఎందుకంటే రాత్రంతా ఫోనులో ఆట ఆడి పగలు పడుకునేవాడు. లేచాక క్రికెట్టు. బోనాల నాడైతే పోతరాజు ముందు తీన్మార్ దెబ్బకు ఎగిరిన ఎగురుడు లాల్‌దర్వాజా అంతా చూసింది. ఆండాలు తానే చెంబెడు మజ్జిగ తాగించి, "ఇగ సాలు బిడ్డా, పానం పోతది" అని కూర్చోబెట్టింది.

చలి మొదలయ్యాక కాలేజీ బోర్డు మీద పేర్లు పడ్డాయి. హాజరు డెబ్బయ్యయిదు శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు, ఆ ఏడు ఆపేస్తారు. అరవయ్యయిదు దాటినవాళ్లను మాత్రం కమిటీ తలుచుకుంటే క్షమించవచ్చు. అమలది అరవై ఎనిమిది. భరద్వాజ్‌ది అరవై ఆరు.

మర్నాడు ఆండాలు కూతుర్ని వెంటేసుకొని కాలేజీకి పోయింది. ఆఫీసు కిటికీ వెనక వైకుంఠం అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. నల్గొండ వైపు మనిషి, యాసను బట్టే తెలిసిపోయింది. అమల రాసుకొచ్చిన అర్జీ చదివి తల అడ్డంగా ఊపాడు.

"బాపు కాలు ఇరిగింది, పాలేసెటందుకు పోయిన... గిదంత ఎందుకు రాసినవ్ బిడ్డా? ఇది నడవది."

"గదే నిజం గదా సార్" అంది ఆండాలు.

"నిజమే కావొచ్చు తల్లీ. రూల్‌ల పిల్లకే జరమొచ్చినట్టు ఉండాలె. మీ ఆయన కాలు ఇరిగితే పిల్లకేంది అంటరు. అందరు డాక్టర్ సర్టిఫికెట్ తెస్తరు. మీరు గూడ తెండ్రి." అర్జీని మడిచి వెనక్కి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆండాలు లొల్లి పెట్టుకుంది. "గిదేం చదువే? నిజం జెప్తె నడవదంట, అబద్ధం తెమ్మంటరంట!" ఆ గొంతు మేడ మీదికి పోకుండా ఎట్లా ఉంటుంది? ఉమాపతి మెట్లు దిగి వచ్చాడు.

"దీనికింత బాధెందుకండీ ఆండాలు గారూ! మావాడికి నిన్ననే తెచ్చాను, టైఫాయిడ్ అని. మనకు తెలిసిన డాక్టరే. నేను ఫోన్ చేసి చెప్తాను, వెళ్లి తెచ్చుకోండి. అందరూ చేసేదేగా."

సాయం చేద్దామనే అన్నాడు, అందులో అనుమానం లేదు. చెప్పిన తీరు చూడండి, అదీ ఆండాలును పొడిచింది. కూరగాయలకు వెళ్తూ కొత్తిమీర కూడా తెచ్చుకోండి అన్నంత సులువుగా అన్నాడు. వాళ్లింట్లో తండ్రి చదివాడు, తాత చదివాడు. ఏ తలుపు ఎటు తోస్తే తెరుచుకుంటుందో వాళ్లకు పుట్టుకతోనే తెలుసు. వీళ్లు తలుపు ముందు నిలబడి నిజం చెబుతూ ఉంటారు, వెర్రిబాగులోళ్లు!

ఆండాలు రెండు రోజులు కొట్టుకులాడింది. మంచంలోంచి లక్ష్మయ్య అన్నాడు, "పిల్ల బతుకు ఆగమైతది. పోయి తే." సరేనని పోయింది. క్లినిక్కులో డాక్టరు అమల మొహం కూడా చూడకుండా పేరడిగి, డబ్బులు తీసుకొని రాసిచ్చాడు. తిరిగొస్తూ మహంకాళమ్మ గుడి ముందు దండం పెట్టడానికి చేతులు లేవలేదు ఆండాలుకు. తలవంచుకొని దాటి వచ్చింది. ఇన్నేళ్లలో లోటాలో చుక్క నీళ్లు కలపని మనిషి ఆమె.

కమిటీ ముందుకు పిలిచిన రోజు వరండాలో పిల్లలూ తల్లిదండ్రులూ బారులు తీరారు. ముందు ఉమాపతి కొడుకును తీసుకొని లోపలికి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ బయటికి వినబడ్డాయి.

"రండి సార్, కూర్చోండి. ఎలా ఉంది బాబుకిప్పుడు?" అది కమిటీ పెద్ద శ్రవణ్‌కుమార్ సారు గొంతు.

"పర్లేదండీ, కాస్త నీరసం ఉంది."

"టైఫాయిడ్ అంటే అంతే సార్, జాగ్రత్తగా చూసుకోండి." సంతకం పడింది. ఏదో మాటకు అందరూ నవ్వారు కూడా. తండ్రీకొడుకులు బయటికి వచ్చారు. భరద్వాజ్ అమలకు బొటనవేలు పైకెత్తి చూపించాడు, నీదీ అయిపోతుంది అన్నట్టు. పాపం, వాడూ అలాగే అనుకున్నాడు.

తర్వాత అమలను పిలిచారు. ఆండాలు చీర కొంగు సర్దుకొని కూతురి వెనక నడిచింది. ఉమాపతి కూర్చుని లేచిన కుర్చీ అక్కడే ఉంది. కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు. శ్రవణ్‌కుమార్ పక్కనున్న ఇద్దరు సార్లు ఫోన్లు చూసుకుంటున్నారు.

"ఎక్కడి నుంచి?"

"లాల్‌దర్వాజా సార్" అంది ఆండాలు.

"ఓహో, ఓల్డ్‌సిటీ." సర్టిఫికెట్ తీసుకొని దొంగనోటును చూసినట్టు కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంతకు కొన్నావమ్మా ఇది?"

ఆండాలు చూపు దించుకుంది. ఎందుకంటే కొన్న మాట నిజం. కానీ ఇదే ప్రశ్న ఇప్పుడే నవ్వుకుంటూ బయటికి పోయిన మనిషిని ఎందుకు అడగలేదు? ఆ కాగితానికి వెలుతురు ఎందుకు అక్కర్లేకపోయింది? ఆ మాటే కాస్త మెత్తగా అడిగింది.

"అదేంది సార్? ఇప్పుడొచ్చిన సారుది గూడ గదే డాక్టరు, గదే జరం. ఆయనకు కుర్సీ ఏసి తీస్కుంటిరి. మా ఇంట్లనే, మీది అంతస్తుల కిరాయికుంటరు."

"ఆయనతో నీకు పోలికేంటమ్మా? ఆయన గవర్నమెంటు ఆఫీసరు. మీ ఓల్డ్‌సిటీ నుంచి వచ్చే సర్టిఫికెట్లు ఎలాంటివో మాకు తెలీదా?" తలుపు వైపు చూశాడు. ఉమాపతి ఇంకా వరండాలోనే ఉన్నాడు. "ఉమాపతి గారూ, ఒక్క నిమిషం. వీళ్లు మీకు తెలుసా?"

ఉమాపతి గుమ్మంలో నిలబడ్డాడు. ఆండాలు వైపు చూశాడు, సారు చేతిలోని కాగితం వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు.

"వాళ్లింట్లో అద్దెకుంటున్నామండీ. అంతకుమించి పరిచయం లేదు."

"డాక్టరు మీకు తెలిసినాయనేనా?"

"మాకు తెలిసినాయనేనండీ. వీళ్లకెలా ఇచ్చారో మరి... నాకు తెలీదు."

ఏడేళ్లు! ఏడేళ్లు ఈ ఇంటి నీళ్లు తాగి, ఈ దొడ్డి పాలు తాగి, కమలకుమారికి ఆపరేషనైతే ఆండాలు ఆస్పత్రిలో నేల మీద పడుకొని కాపలా కాస్తే, ఇప్పుడు పరిచయం లేదట! ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారే, అదిగో, కళ్లారా చూడండి. ఆండాలుకు అరికాలి మంట నెత్తికెక్కింది. బోనాల నాటి తీన్మార్ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటే చాలు. తండ్రి వెనక భరద్వాజ్ తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె నోరు తెరిచింది.

అమల తల్లి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇది దొంగ సర్టిఫికెట్టే సార్" అంది అమల. "నాకు జరం రాలే. మా బాపు కాలు ఇరిగింది. హోటళ్లకు పాలేసి వచ్చెవరకు మీ గేటు బందైతుండె. బయట కూసుండి రికార్డ్ రాసిన, మీ వాచ్‌మన్‌నే అడుగుండ్రి. నిజం రాసుకొస్తె కిటికీ కాడనే వాపస్ ఇచ్చిండ్రు. అబద్ధం తెమ్మన్నరు, తెచ్చినం. ఇప్పుడు అబద్ధమెందుకు తెచ్చినవ్ అంటుండ్రు. మరి నేనేం తేవాల్నో మీరే చెప్పుండ్రి సార్."

ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరూ తలెత్తారు. శ్రవణ్‌కుమార్ ఎర్ర పెన్ను తీసుకొని ఆమె పేరు కొట్టేశాడు.

"చూశారా, నేనన్నదే నిజమైంది" అని పక్కవాళ్లతో అని, ఇటు తిరిగి గొంతులో జాలి పోసుకున్నాడు. తిట్టు కన్నా ఆ జాలి ఎక్కువ మండించింది. "పోనీలేమ్మా. మీ వాళ్లలో ఇంతదాకా చదివిందే ఎక్కువ. పోయినేడు చార్మినార్ వైపు అమ్మాయే ఒకతి, తహనియత్ అనుకుంటా, ఇలాగే ఆగిపోయింది. ఈపాటికి పెళ్లయిపోయుంటుంది. ఆ ముస్లిం పిల్లలూ అంతే, మీరూ అంతే. నిలవరు. ఊరికే సీటు వేస్టు."

ఇగ ఆండాలు ఆగలేదు. అమల చెయ్యి విదిలించుకుంది.

"ఎవలకైంది సార్ పెండ్లి? లాడ్‌బజార్‌ల వాళ్ల నాయిన గాజుల దుకాణంల కూసుంటది ఆ పోరి. బజారుకు పోయినప్పుడల్ల సూస్త నేను. దాని తల్లికి తెల్వదు, తండ్రికి తెల్వదు, మీరు గీడ కూసుండి దాని పెండ్లి జేసేసిండ్రా? నా బిడ్డది గూడ ఎన్నడు జేస్తరో జర ముందుగాల చెప్పుండ్రి, పందిరేస్త!"

"బయటికి వెళ్లమ్మా" అన్నాడు శ్రవణ్‌కుమార్.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి వైకుంఠం తల దించుకొని కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. చుట్టూ చూసి మెల్లగా అన్నాడు, "పరేషాన్ గాకు తల్లీ. ఆపుడంటె తీసేసుడు గాదు. వచ్చే ఏడు వానలు పడ్డంక గదే క్లాసుల మళ్ల చేరొచ్చు. గా గాజులోళ్ల పిల్లకు గూడ ఇంక టైం ఉన్నది."

ఆండాలు నిలబడిపోయింది. "మళ్ల చేరొచ్చా? మరి గా ముచ్చట ఆ పిల్లకెవరు జెప్పిండ్రు?"

"ఎవరు జెప్తరమ్మా? అడిగినోళ్లకు జెప్తం. అడగందే అమ్మయినా పెట్టదంటరు గద."

"ఏ అమ్మ పెట్టదు? నేను పెడ్త! నా బర్రెలు గూడ అడగవు, వాటికి కుడితి పెడ్తలేనా?" అంది ఆండాలు. వరండా అంతా ఇటు తిరిగింది. "అడగాల్నని తెలిసినోడే అడుగుతడు. తెల్వనోడు ఇంటికి పోతడు. పోయినంక మీరే నిలవరు అంటరు!"

వైకుంఠం ముందున్న రిజిస్టరు తెరిచి అందులో తల దూర్చాడు.

ఇంటికొచ్చాక అమల పుస్తకాల సంచీని అటక మీద పెట్టేసింది. "నేనింక పోనమ్మా. లోటా పట్టుకుంట" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదేమో. మంచంలో లక్ష్మయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు, తన కాలే కూతురి చదువును తొక్కేసిందని.

"నన్నెందుకాపినవే?" అని అరిచింది ఆండాలు. "ఆ పోరడు పోతరాజు ముందట ఎగిరిన ముచ్చట ఒక్కటి జెప్తె ఖతమైతుండె!"

"వాడు ఆగితె నేను పాసైతనా?" అంది అమల.

కూతురు తనకంటే పెద్దదైపోయినట్టు అనిపించి ఆండాలుకు కోపం ఇంకా పెరిగింది.

సాయంత్రం పాల వేళకు గిన్నె పట్టుకొని ఉమాపతే దిగి వచ్చాడు. రోజూ కమలకుమారి వచ్చేది. మిగతా జనం కూడా గిన్నెలతో నిలబడి ఉన్నారు. ఉమాపతి గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి ఆండాలు గారూ. ఆ టైములో అలా అనాల్సొచ్చింది. మావాడి భవిష్యత్తు..." అన్నాడు.

ఆండాలు లోటా తీసి బోర్లించి ఆయన మొహం ముందు పట్టింది. అంత దగ్గరగా ఎప్పుడూ పట్టలేదు.

"సూడుండ్రి సార్. నీళ్లున్నయా?"

"అయ్యో, అదేం మాటండీ?"

"లేదు, మంచిగ సూడుండ్రి." కూర్చుని పిండడం మొదలుపెట్టింది. పాల ధార లోటాకు తగిలి మోగుతుంటే మాట్లాడింది, గల్లీ చివరి దాకా వినబడేలా. "ఏడేండ్ల సంది మీ కండ్ల ముందట పిండి పోస్తున్న. ఎందుకు సార్? నన్ను నమ్మరు గనక. అయినా నాకు కోపం రాలే, గది మా రివాజు అనుకున్న. మరి మీ కాయితం ఎవ్వలన్నా పిండి సూసిండ్రా? మీకు కుర్సీ ఏసిండ్రు, జరమెట్ల ఉన్నదని అడిగిండ్రు. మాకు లేని జరం దొంగ జరమంట, మీకు లేని జరం అసలు జరమంట! ఒక్క ఇంట్ల రెండు జరాలు. మీరు నన్ను కాపాడకుంటె పాయె, తెల్వదని ఎట్ల అనబుద్ధైంది సార్? నోరెట్ల వచ్చింది?"

గిన్నెలతో నిలబడ్డవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఉమాపతి చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయిపోయిందండీ" అన్నాడు చివరికి.

"తప్పు మీకు ఒక్క మాటల అయిపోతది. నా బిడ్డకు ఏడాది పోతది." లీటరు కొలిచి గిన్నెలో పోసింది. ఎప్పటిలాగే పైన ఇంకాస్త కొసరు కూడా వేసింది, చేతికి అలవాటు. "పోండ్రి. పోరనికి పాలు తాపుండ్రి. నీరసమున్నదంటిరి గదా."

ఉమాపతి మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ నెలాఖరుకు వాళ్లు ఇల్లు మారారు. వెళ్లేరోజు భరద్వాజ్ వచ్చి అమల ముందు నిలబడ్డాడు, తన నోట్సులన్నీ అరుగు మీద పెట్టి పోయాడు. అమల వాటిని ముట్టుకోలేదు. అవన్నీ ముందు ఆమె దగ్గర రాసుకున్నవే.

పాల దగ్గర ఆ గొడవైన మర్నాడే ఆండాలు అమలతో పోయి పాలు వేసి వస్తూ లాడ్‌బజార్‌లో స్కూటీ ఆపించింది. దుకాణం ముందు తహనియత్ లక్క గాజుకు అద్దం ముక్కలు అతికిస్తోంది.

"బిడ్డా, చదువెందుకు బంద్ జేసినవ్?" అంది ఆండాలు, నమస్తే లేదు, మంచీచెడ్డా లేదు.

తహనియత్ అమల వైపు చూసి నవ్వబోయి ఆగిపోయింది. "దాదీకి పెరాలిసిస్ వచ్చింది ఆండాలమ్మా. అమ్మీకి ఇంట్ల చిన్నపిల్లలు. ఆస్పత్రిల నేనే ఉన్న దాదీ కాడ. గదే చెప్పిన సారుకు. ఆయన నా మొహం గూడ సూడలే, బుర్ఖా సూసి 'పెళ్లెప్పుడు' అన్నడు. పెళ్లి లేదు సార్ అన్న. మళ్ల గదే అడిగిండు. ఘర్ కు ఆగయీ మై. ఇంటికొచ్చేసిన. మళ్ల రమ్మని ఎవ్వరూ అనలే."

"రావొచ్చంట" అంది అమల. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. తను చెప్పిన మాట తనకే వినబడినట్టు ఆగింది. "వచ్చే ఏడు గదే క్లాసుకు రావొచ్చంట తహనియత్. కిటికీ కాడి సారు చెప్పిండు. నిన్ను రావొద్దని ఎవ్వరూ అనలే, రావొచ్చని ఎవ్వరూ చెప్పలే. గంతే."

తహనియత్ చేతిలోని గాజు కింద పెట్టింది. దుకాణం లోపలి నుంచి ఆమె తండ్రి బయటికి వచ్చాడు, జిగురు అంటిన వేళ్లు తుడుచుకుంటూ. "ఫిర్ నికాల్ దియే తో? మళ్ల తీసేస్తె ఏం జెయ్యాలె?" అన్నాడు.

"తీసేస్తె మళ్ల వస్తరు భాయ్" అంది ఆండాలు. "నిలవరని గద వాళ్ల ధైర్యం. ఇద్దరు జోడుగ కూసుంటె జరపమను సూద్దాం."

ఆ సాయంత్రం అమల అటక మీద నుంచి సంచీ దించింది. రోజూ మధ్యాహ్నం లాడ్‌బజార్ దుకాణం వెనక గదిలో ఇద్దరూ లెక్కలు చేసుకునేవాళ్లు. మళ్లీ చదివే ఏడాదికి సర్కారు ఫీజు కట్టదని తెలిసి లక్ష్మయ్య తన కాలు తొక్కిన బర్రెనే అమ్మేశాడు. "దాని బాకీ అది తీర్చుకున్నది" అని, ఎన్నో నెలల తర్వాత నవ్వాడు. కర్ర పట్టుకొనే నడుస్తున్నా, స్కూటీ మీద హోటళ్ల పని మళ్లీ తనే మొదలుపెట్టాడు.

వానలు పడ్డాయి. కాలేజీ తెరిచారు. ఆండాలు ఇద్దరు పిల్లల్నీ రెండు పక్కలా పెట్టుకొని కిటికీ ముందు నిలబడింది. వెనక పెద్ద వరుస. శ్రవణ్‌కుమార్ వరండాలో పోతూ తహనియత్‌ను చూసి ఆగాడు. బుర్ఖా చూశాడు, ఈసారి మొహం కూడా చూశాడు. పెళ్లి మాట ఎత్తకుండా గదిలోకి పోయాడు.

వైకుంఠం మళ్లీ చేరే కాగితాలు ముందుకు లాక్కున్నాడు. ఇద్దర్నీ చూసి అతని మొహం వెలిగింది, వెంటనే చుట్టూ చూసి ఆ వెలుగు దాచుకున్నాడు.

"నడుమల చదువెందుకు ఆగిందో రాయాలె తల్లీ. అనారోగ్యమా, పెండ్లా, ఆసక్తి లేకనా? గీ మూడే ఉన్నయి. ఏది రాయమంటవ్?"

"ఆ మూడూ గావు" అంది ఆండాలు.

"ఏదన్న ఒకటి చెప్పు, ఊకె రాస్త. ఏదైతేంది?"

"ఊకె రాస్తవా? ఊకె రాసే గదా గింతదాంక తెచ్చిండ్రు! వీళ్లు ఆగలే సార్. మీరు ఆపిండ్రు. గదే రాయి."

"గట్ల రాయనీకి ఇందుల జాగ లేదమ్మా."

"జాగ లేకుంటె అంచుకు రాయి."

వెనక వరుసలో ఎవరో తొందరపెట్టారు. ఆండాలు రెండు మోచేతులూ కిటికీ గట్టు మీద ఆనించి నిలబడింది, గిన్నె నిండేదాకా కదలనివాళ్లలాగా. "కండ్ల ముందట రాయి సార్" అంది. "నేను సూడాలె."

వైకుంఠం పెన్ను మూత తీశాడు.